గడువు తీరిన బ్యాటరీ: ఒక కొలబద్దపై విమర్శ

టార్చిలైటు వెలుగు మందగించినప్పుడు మనము ఏమి చేస్తాము? లోపలి మూడు సెల్లులనూ తీసి పారవేసి, కొత్తవి మూడు కొనడము ఒక పద్ధతి. ఒక్కొక్క సెల్లును విడిగా పరీక్షించి, లోపము ఏ సెల్లులో వున్నదో ముందు తెలుసుకోవడము మరొక పద్ధతి. మొదటి పద్ధతికి డబ్బు కావాలె. రెండవ దానికి ఒక వోల్టుమీటరు కావాలె. టార్చిలైటు విషయములో ఈ రెండింటికీ తేడా కొద్ది రూపాయలే. అదే ప్రశ్న విద్యుత్తుతో నడిచే కారు విషయములో, అందులోనూ తయారీదారు ఇచ్చిన వారంటీ గడువు తీరిన కారు విషయములో ఎదురయినప్పుడు ఆ తేడా లక్షల రూపాయలవుతుంది.

గ్రంథ విమర్శలో గ్రంథమును పరీక్షిస్తాము. ఇక్కడ మనము పరీక్షకు తీసుకొంటున్నవి రెండు వస్తువులు. ఒకటి, ఒక కారులో డ్రైవరు కళ్లయెదుట అమర్చిన కొలబద్ద. రెండవది, ఆ కొలబద్దను ఆధారము చేసుకొని వ్రాసిన వారంటీ పత్రము. కారు పేరు నిస్సాన్ లీఫ్. 2010 డిసెంబరులో జపానులోను, అమెరికాలోను అమ్మకమునకు వచ్చినది. దీనినే ఎన్నుకొనడానికి కారణము వున్నది. పెద్ద ఎత్తున అమ్ముడుపోయిన తొలి విద్యుత్ కార్లలో ఇది ఒకటి. పుట్టుక, ఎండదెబ్బ, వారంటీ, గడువు తీరడము, మరమ్మతు అన్న దశలన్నీ దాటినది. కావున దాని చరిత్ర పూర్తిగా మన యెదుట వున్నది.

బ్యాటరీ నిర్మాణము

తొలి లీఫ్ కారు బ్యాటరీ 24 కిలోవాట్ గంటల విద్యుత్తును, అనగా మన ఇంటి మీటరు లెక్కలో 24 యూనిట్లను నిలువ వుంచుకొనేది. పైకి ఒకే పెద్ద పెట్టెగా కనిపించినను లోపల 192 లిథియం అయాను సెల్లులు వున్నవి. నాలుగేసి సెల్లులను ఒక రేకు డబ్బాలో అమర్చి, అటువంటి డబ్బాలను 48 చేసినారు. వీటిని మాడ్యూళ్లు అంటారు. ప్రతి మాడ్యూలులోను రెండేసి సెల్లులను సమాంతరముగా కలిపి, అట్లా ఏర్పడిన రెండు జంటలను శ్రేణిలో కలిపినారు. కావున మొత్తము మీద 96 జంటలు ఒకదాని తరువాత ఒకటిగా శ్రేణిలో వున్నవి. ఒక్కొక్క జంట వోల్టేజి సుమారు 3.75 వోల్టులు. 96తో గుణిస్తే 360 వోల్టులు.

శ్రేణిలో కలిపిన సెల్లులన్నిటి గుండా ఒకే విద్యుత్ ప్రవాహము పోతుందని హైస్కూలు విద్యార్థులకు తెలుసును. ఇందువల్ల కలిగే ఫలితము మాత్రము చాలమంది గమనించరు. 95 జంటలలో ఇంకా విద్యుత్తు మిగిలి వున్నను, ఒక్క జంట ఖాళీ అయిపోతే కారు ఆగవలసినదే. ఖాళీ అయిన సెల్లునుండి ఇంకా విద్యుత్తు లాగితే అది పాడవుతుంది కావున, బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ యంత్రాంగము ప్రవాహమును నిలిపివేస్తుంది. ఇరుకు బాటలో బండ్లు బారులు తీరి పోతున్నప్పుడు కుంటి ఎద్దు కట్టిన బండి ఎంత వేగముగా పోతే మిగిలిన బండ్లూ అంతే వేగముగా పోవాలె గదా! 95 జంటలు తమ తొలి శక్తిలో నూటికి 85 పాళ్లు నిలుపుకొని, ఒక్క జంట 60 పాళ్లకు దిగినదనుకొందాము. యజమానికి దక్కేది సుమారు 60 పాళ్లే. ఆ జంట వున్న మాడ్యూలు ఒక్కటి తప్ప తక్కిన 47 మాడ్యూళ్లు బాగానే వున్నవి. ఐనను మరమ్మతు దుకాణములో చెప్పే మాట "బ్యాటరీ పోయినది" అనే.

ఎండ చేసే పని

లిథియం అయాను సెల్లు వాడినందువల్ల మాత్రమే అరగదు. ఊరక వున్నను ముసలిదవుతుంది. దాని ఋణధ్రువము గ్రాఫైటుతో చేసినది. సెల్లును తొలిసారి చార్జి చేసినప్పుడే, లోపలి ద్రవములో కొంత భాగము విచ్ఛిన్నమై గ్రాఫైటుపై పలుచని పొరగా ఏర్పడుతుంది. ఈ పొర మేలు చేసేదే; ద్రవము మరింత విచ్ఛిన్నము కాకుండా కాపాడుతుంది. కాని అది పూర్తిగా ఆగిపోదు. ఏళ్ల తరబడి మెల్లగా మందమవుతూ, అటూ ఇటూ తిరుగవలసిన లిథియమును కొద్దికొద్దిగా తనలో బంధించివేస్తుంది. బంధింపబడిన లిథియము ఇక విద్యుత్తును మోయలేదు. పొర మందమైన కొద్దీ దాని పెరుగుదల నెమ్మదిస్తుంది. రమారమి కాలము యొక్క వర్గమూలమును అనుసరించి నష్టము పెరుగుతుంది. మొదటి ఏడు ఒక పాలు నష్టమయితే, నాలుగేళ్లకు మొత్తము నాలుగు పాళ్లు కాదు, సుమారు రెండు పాళ్లు.

వేడి ఈ రసాయన చర్యను తొందర పెడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగము సుమారు రెట్టింపు అవుతుందన్న మోటు సూత్రమును ఇక్కడ వాడుకొనవచ్చును. అనగా 25 డిగ్రీల వద్ద వున్న సెల్లు కంటె 45 డిగ్రీల వద్ద వున్న సెల్లు నాలుగు రెట్లు వేగముగా ముసలిదవుతుంది. పూర్తిగా చార్జి చేసి ఎండలో నిలిపితే హాని మరింత ఎక్కువ.

తొలి లీఫ్ బ్యాటరీని చల్లబరచడానికి ద్రవము గాని, ఫ్యాను గాని ఏర్పాటు చేయలేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో ఫీనిక్స్ నగరము ఎడారిలో వున్నది. జూలైలో పగటి ఉష్ణోగ్రత సగటున 41 డిగ్రీలు. 2012 వేసవిలో అక్కడి యజమానులు తమ కార్లు మునుపటంత దూరము పోవడము లేదనీ, కొలబద్దలో పట్టీలు మాయమవుతున్నవనీ ఫిర్యాదు చేయసాగినారు. ఆ సంవత్సరమే కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానములో వ్యాజ్యము కూడ దాఖలయినది.

కొలబద్దలోని దోషము

లీఫ్ కారులో బ్యాటరీ ఆరోగ్యమును చూపడానికి 12 పట్టీలు వున్నవి. కొత్త కారులో పన్నెండూ వెలుగుతవి. నిలువ సామర్థ్యము తగ్గిన కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతుంది. ఇట్టి కొలబద్దను పెట్టడము మెచ్చుకొనవలసిన విషయమే. ఆ కాలపు అనేక వాహనాలలో అదికూడ లేదు. ఐతే దానిని ఎట్లా విభజించినారో చూడండి.

పన్నెండు పట్టీలు అన్నప్పుడు ఎవరైనను ఒక్కొక్కటి పన్నెండవ వంతు, అనగా నూటికి సుమారు 8.3 పాళ్లు అనుకొంటారు. ఆ కారు మరమ్మతు గ్రంథము ప్రకారము సంగతి వేరు. మొదటి పట్టీ ఆరిపోవడానికి 15 పాళ్లు నష్టము కావాలె. ఆ పైన ఒక్కొక్క పట్టీ 6.25 పాళ్లకు ఆరుతుంది. యూనిట్లలో చెప్పాలంటే మొదటి పట్టీ 3.6 యూనిట్లు, తక్కినవి ఒక్కొక్కటి 1.5 యూనిట్లు. ఒకే కొలబద్దపై ఒక గడి పెద్దది, మిగిలినవి చిన్నవి! మొదటి అంగుళము ఒక కొలత, రెండవ అంగుళము మరొక కొలతగా వున్న స్కేలును ఏ ఉపాధ్యాయుడైనను విద్యార్థి చేతికి ఇస్తాడా?

ఫలితమును లెక్క కట్టి చూతము. ఒక పట్టీ పోయి 11 మిగిలినప్పుడు యజమాని మిగిలినది 91.7 పాళ్లు అనుకొంటాడు. నిజానికి మిగిలినది 85. పది వున్నప్పుడు 83.3 అనుకొంటాడు, నిజము 78.75. తొమ్మిది వున్నప్పుడు 75 అనుకొంటాడు, నిజము 72.5. ఎనిమిదికి దిగినప్పుడు 66.7 అనుకొంటాడు, నిజము 66.25. అనగా ఎనిమిది పట్టీలవద్ద భ్రమయు, వాస్తవమును దాదాపు కలిసిపోతున్నవి. బ్యాటరీ కొత్తగా వున్నప్పుడు, జాగ్రత్త పడటానికి ఇంకా వ్యవధి వున్నప్పుడు, కొలబద్ద అన్నిటికంటె ఎక్కువగా తప్పుదారి పట్టిస్తున్నది. పన్నెండూ వెలుగుతున్న కారులో నష్టము సున్న కావచ్చును, 14 పాళ్లు కావచ్చును. పాత కారును కొనేవాడు ఆ రెండింటికీ భేదమును చూచి తెలుసుకొనలేడు. రూపకర్తల ఉద్దేశ్యము ఏదైనను, శాస్త్రదృష్టితో చూచినప్పుడు ఇది కొలత పరికరమునకు వుండవలసిన లక్షణము కాదు.

పత్రములోని దోషము

ఇక వారంటీ పత్రము. మొదట బ్యాటరీకి 8 సంవత్సరాలు లేక 1,00,000 మైళ్లు, అనగా సుమారు 1,60,000 కిలోమీటర్ల వారంటీ వుండినది. వినడానికి గొప్పగా వున్నను అది తయారీ లోపాలకు మాత్రమే వర్తించేది. సామర్థ్యము క్రమముగా తగ్గడము లోపము కాదనీ, సహజమనీ అందులోనే మినహాయించినారు. అరిజోనా అలజడి తరువాత 2013లో పత్రమును సవరించి, 5 సంవత్సరాలు లేక 60,000 మైళ్ల లోపల పట్టీలు తొమ్మిదికంటె తగ్గితే బ్యాటరీని బాగుచేయడమో, మార్చడమో చేస్తామన్నారు. ఈ సవరణను పాత కార్లకు కూడ వర్తింపజేయడము సంస్థకు గౌరవము తెచ్చిన పని.

ఐనను మూడు దోషాలు మిగిలిపోయినవి. మొదటిది, పత్రము ఏళ్లను, మైళ్లను లెక్కించినది గాని వేడిని లెక్కించలేదు. ఫీనిక్స్ లో ఎండలో నిలిపిన కారు ఒక్క మైలు నడువకుండానే ముసలిదవుతుంది. ఎడారి కారుకు, చల్లని సియాటిల్ నగరపు కారుకు గడువు ఒక్కటే. రెండవది, గడువు కత్తివ్రేటు వంటిది. నాలుగవ పట్టీ 59వ నెలలో ఆరితే ఖర్చు సంస్థది. 61వ నెలలో ఆరితే అంతా యజమానిది. రసాయన చర్యలో అట్టి గీత ఎక్కడా లేదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: పత్రము 96 జంటలను గురించి మాట్లాడదు, ఒక పెట్టెను గురించి మాట్లాడుతుంది. పెట్టె మొత్తము సగటు ఎంత అన్నదే దాని ప్రశ్న. ఏ జంట బలహీనము అన్న ప్రశ్నకు అందులో తావే లేదు. గడువు తీరిన తరువాత మరమ్మతు ఖరీదును నిర్ణయించేది మాత్రము ఈ ప్రశ్నే.

కొలిచినవారు సాధించినది

2014లో అమెరికాలో లీఫ్ కు కొత్త బ్యాటరీ ధరను 5,499 డాలర్లుగా ప్రకటించినారు. పాత బ్యాటరీని తిరిగి ఇచ్చినందుకు 1,000 డాలర్ల విలువ కట్టిన తరువాతి ధర ఇది, కూలి వేరు. పాతబడిన కారు వెలతో పోల్చినప్పుడు ఇది సామాన్య యజమాని మోయగల భారము కాదు.

ఈ స్థితిలో కొందరు యజమానులు కారు పరీక్షకై వుండే సాకెట్టుకు చిన్న పరికరమును తగిలించి, ఫోనుపై 96 జంటల వోల్టేజిలను విడివిడిగా చదువ నేర్చినారు. పన్నెండు పట్టీలు దాచిన సంగతి అక్కడ బయటపడినది. కొన్ని కార్లలో జంటలన్నీ సమముగా తగ్గినవి. వాటికి నిజముగానే ముసలితనము వచ్చినది. మరి కొన్నింటిలో ఒకటి రెండు జంటలు మాత్రమే వెనుకబడినవి. తొలి లీఫ్ మాడ్యూళ్లను బోల్టులతో బిగించినారు గాని జిగురుతో అతికించలేదు. కావున స్వతంత్ర మెకానిక్కులు పెట్టెను విప్పి, బలహీనమైన మాడ్యూలును మాత్రము మార్చగలిగినారు. ఈ కారు రూపకల్పనలో మిక్కిలి ప్రశంసింపదగిన గుణము ఇదే.

ఇదే పని జపానులో పరిశ్రమ స్థాయిలో జరిగినది. 2011 అణు ప్రమాదము వల్ల ఖాళీ అయిన పుకుషిమా ప్రాంతములోని నమీయే పట్టణములో, 2018 మార్చిలో, నిస్సాన్, సుమిటోమో సంస్థలకు చెందిన ఫోర్ ఆర్ ఎనర్జీ అన్న కంపెనీ ఒక కర్మాగారమును తెరచినది. అక్కడ పాత బ్యాటరీల మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా కొలిచి, మంచివాటిని ఏరి, తిరిగి కూర్చి అమ్ముతారు. అట్టి బ్యాటరీ ధరను 3,00,000 యెన్లుగా నిర్ణయించినారు. కొత్తదాని ధరలో ఇది రమారమి సగము. ఒక బ్యాటరీలోని 48 మాడ్యూళ్లను పరీక్షించడానికి మొదట 16 రోజులు పట్టేదనీ, ఆ పనిని నాలుగు గంటలకు తగ్గించగలిగినామనీ ఆ కంపెనీ తెలిపినది. ధర సగమయినది కొత్త రసాయనము కనిపెట్టినందువల్ల కాదు. మంచిదానిని చెడ్డదానినుండి వేరుచేసే కొలత చౌక అయినందువల్ల.

రెండవ పక్షమును కూడ వినడము న్యాయము. 360 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రాణాంతకము. శిక్షణ లేనివారు పెట్టెను తెరువరాదు. పాత మాడ్యూళ్ల మధ్య కొత్తదానిని ఇష్టము వచ్చినట్లు కలిపితే అవి జతకుదరవు. పాత సెల్లులతో కొత్తవి కలుపవద్దని టార్చిలైటు విషయములో కూడ అంటారు గదా. మారుస్తున్న మాడ్యూలు నిలువ సామర్థ్యము తక్కిన వాటికి దగ్గరగా వుండాలె. అందుచేత పెట్టె మొత్తమును మార్చడమే క్షేమమని దుకాణదారు అనడములో కొంత నిజము వున్నది. కాని ఈ వాదము కూడ చివరకు కొలత దగ్గరకే వస్తున్నది. జతకుదిరినదా లేదా అన్నది కొలిస్తేనే గదా తెలిసేది!

చట్టాలు ఎంతవరకు వచ్చినవి?

2022 మార్చిలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున జెనీవాలో 22వ సార్వత్రిక సాంకేతిక నియమమును ఆమోదించినారు. దాని ప్రకారము విద్యుత్ కారు బ్యాటరీలో 5 సంవత్సరాలు లేక 1,00,000 కిలోమీటర్ల వరకు 80 పాళ్లు, 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్ల వరకు 70 పాళ్లు సామర్థ్యము మిగిలి వుండాలె. ఎంత మిగిలినదో యజమాని తెలుసుకొనగలగాలె. యూరపు దేశాల కూటమి 2023లో చేసిన బ్యాటరీ చట్టము, బ్యాటరీ ఆరోగ్యమును లెక్కకట్టే వివరాలను కొనుగోలుదారుకు, అతని తరఫున వచ్చిన మూడవ వ్యక్తికి కూడ అందుబాటులో వుంచాలని 2024 ఆగస్టు 18 నుండి నిర్బంధించినది. లీఫ్ కొలబద్దతో పోలిస్తే ఇవి పెద్ద అడుగులు.

కాని ఆ యూరపు చట్టములోనే ఒక వింత వున్నది. విద్యుత్ సైకిళ్ల వంటి తేలిక వాహనాల బ్యాటరీలలో ఒక్కొక్క సెల్లును కూడ స్వతంత్ర నిపుణుడు తీసి మార్చగలిగేటట్లు వుండాలని, 2027 ఫిబ్రవరి 18 నుండి అది అమలు కావాలని వ్రాసినారు. కారు బ్యాటరీకి ఈ నియమము లేదు. సైకిలు యజమానికి ఇచ్చిన హక్కు కారు యజమానికి దక్కలేదు. ఈ లోపల కొన్ని కొత్త నమూనాలలో సెల్లులను జిగురుతోను, నురుగుతోను ఒకే దిమ్మెగా పోతపోస్తున్నారు. బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఒక్క సెల్లు చెడితే దిమ్మె అంతా మార్చవలసి వస్తుంది. అమ్మేనాడు మిగిలిన సొమ్ము తయారీదారుది. గడువు తీరిననాడు పెరిగిన ఖర్చు యజమానిది.

మనకు దీనితో పని ఏమి అనరాదు. 2020 జనవరిలో మన దేశములో అమ్మకమునకు వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చినారు. తొలి కార్లకు ఆ గడువు 2028లో తీరుతుంది. దాని బ్యాటరీని ద్రవముతో చల్లబరుస్తారు కావున లీఫ్ కు పట్టిన గతే దీనికీ పడుతుందనడము తప్పు. ఐనను రెంటచింతలలోను, రామగుండములోను మే నెల ఎండ ఎట్లా వుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇప్పటినుండే కొలతలు వ్రాసి వుంచుకొనేవాడు ఆనాడు మోసపోడు.

యజమాని చేయదగినవి

వారంటీ తీరడానికి కొన్ని నెలల ముందే బ్యాటరీ ఆరోగ్య పరీక్ష చేయించి, ఫలితమును కాగితముపై తీసుకొనవలెను. అందులో మొత్తము సామర్థ్యముతోపాటు, అన్నిటికంటె ఎక్కువ, తక్కువ వున్న సెల్లుల వోల్టేజిలు కూడ వుండాలని అడగవలెను. కారు ఆగిపోయినప్పుడు ముందుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీని పరీక్షింపజేయవలెను. అది నీరసించినప్పుడు కూడ భయపెట్టే హెచ్చరికలు ఎన్నో వెలుగుతవి. "బ్యాటరీ పోయినది" అన్న మాటతో తృప్తిపడక, ఏ సెల్లు, లేక ఏ స్విచ్చి, ఏ తీగ, ఏ పంపు పోయినదో, కారు ఇచ్చిన లోపసంఖ్య ఏమిటో వ్రాసి ఇమ్మనవలెను. పెద్ద ఖర్చుకు ముందు మరొక నిపుణుని అంచనా కూడ తీసుకొనవలెను. వేసవిలో నీడన నిలపడము, నిండా చార్జి చేసి రోజుల తరబడి వదలకుండడము ఖర్చులేని వైద్యాలు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక గంటలో చూపవచ్చును. రెండు కొత్త టార్చి సెల్లులను, బాగా వాడిన పాతదానిని ఒకటి శ్రేణిలో కలిపి చిన్న బల్బును వెలిగించండి. బల్బు వెలుగక ముందు ఒకసారి, వెలుగుతున్నప్పుడు ఒకసారి మూడు సెల్లుల వోల్టేజిలను విడివిడిగా కొలిపించండి. ఊరక వున్నప్పుడు కొంచెమే తక్కువగా కనిపించిన పాత సెల్లు, ప్రవాహము ఇవ్వవలసి వచ్చినప్పుడు ఎంత దిగిపోతుందో విద్యార్థులే చూస్తారు. మూడింటి చివరలకు మీటరు పెట్టి చదివే ఒక్క సంఖ్య ఆ రహస్యమును చెప్పదని కూడ వారే గ్రహిస్తారు. ఫోనుల, వాహనాల లిథియం సెల్లులతో మాత్రము ఈ ప్రయోగము చేయరాదు.

తరువాత వారిచేత లీఫ్ కారుకు ఒక సరియైన కొలబద్దను గీయించండి. 24 యూనిట్లను 12 సమాన భాగాలు చేస్తే ఒక్కొక్క పట్టీ రెండు యూనిట్లు. ఎనిమిదవ తరగతి విద్యార్థి రెండు నిమిషాలలో గీయగల ఈ బొమ్మ ఆ కారులో వుండివుంటే, ఫీనిక్స్ లోని యజమాని మొదటి నాలుగు యూనిట్ల నష్టములో రెండు హెచ్చరికలు చూచేవాడు. అతడు చూచినది ఒక్కటే.